మూకీ నటి జీవితచిత్రం

నిర్వచనం, పరిధి

మాటలు లేని సినిమాల కాలంలో తెరమీద కనిపించిన ఒక స్త్రీ జీవితాన్ని ఆధారంగా తీసుకొని, ఆ పాత్రను వేరొక నటితో వేయించి, కథారూపంలో తీసిన చిత్రాన్ని మూకీ నటి జీవితచిత్రం అంటారు. వాడుకలో ‘బయోపిక్’ అనే మాట స్థిరపడింది. డాక్యుమెంటరీ దీని పరిధిలోకి రాదు గానీ, రెండింటి మధ్య గీత పలుచన. మన దేశంలో మూకీ యుగాన్ని సాధారణంగా 1913లో ఫాల్కే తీసిన ‘రాజా హరిశ్చంద్ర’ నుంచి 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ హాలులో విడుదలైన ‘ఆలం ఆరా’ వరకు లెక్కిస్తారు. ఆ తర్వాత కూడా కొన్నేళ్లు మూకీలు వచ్చాయి. చైనాలో ఈ యుగం 1930ల మధ్య దాకా సాగింది. టాకీ తొలినాళ్ల నటీమణుల మీద వచ్చిన చిత్రాలను కూడా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రెండు కోవలనూ పక్కపక్కన పెడితేనే వాటి తేడా తెలుస్తుంది.

ఈ కోవ చిత్రాలను దర్శకుడి ప్రతిభను బట్టో, నిర్మాణ వ్యయాన్ని బట్టో వర్గీకరించడం పరిపాటి. అంతకంటే ముందు చూడవలసింది ఆ నటి గురించి మిగిలిన సాక్ష్యం ఏమిటన్నది. ఆమె నటించిన ఫిల్ములు మిగిలాయా, ఆమె తన గురించి తాను చెప్పుకున్న మాట నమోదైందా అన్న రెండు ప్రశ్నలకు వచ్చే జవాబే చిత్రం ఎవరి కళ్లతో నడుస్తుందో, చాలావరకు అసలు చిత్రం పుడుతుందో లేదో కూడా నిర్ణయిస్తుంది. తెలుగులో సావిత్రి మీద ‘మహానటి’ వచ్చి, 1921 నాటి ‘భీష్మ ప్రతిజ్ఞ’లో గంగ పాత్రధారిణి పెగ్గీ కాస్టెల్లో ఒక్క పేరుగా మిగిలిపోవడం వెనక ఉన్నదీ ఇదే.

సాక్ష్యం స్థితి

మూకీల ఫిల్ము సెల్యులోజ్ నైట్రేట్ పట్టీ మీద ఉండేది. అది తేలిగ్గా అంటుకుంటుంది. అంటుకోకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ జిగటగా మారి, చివరికి పొడి అయిపోతుంది. టాకీలు వచ్చాక పాత మూకీలకు గిరాకీ పోయింది. పట్టీలోని వెండి కోసం వాటిని కరిగించి అమ్ముకోవడం మామూలు వ్యాపారమైంది. భారతదేశంలో సుమారు 1,300 మూకీలు తయారైనట్టు లెక్క. వాటిలో పూర్తిగానో, ముక్కలుగానో మిగిలినవి 30కి అటూ ఇటూ. పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో ఏర్పడేనాటికే జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయింది. ఈ నష్టం మనకే పరిమితం కాదు. అమెరికాలో 1912–29 మధ్య విడుదలైన 10,919 పూర్తి నిడివి మూకీ కథాచిత్రాల్లో అసలు రూపంలో దొరుకుతున్నవి 14 శాతమేనని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ప్రకటించిన అధ్యయనం తేల్చింది. దక్షిణాదిలో మిగిలిన అరుదైన మూకీ ‘మార్తాండవర్మ’ బతికిన తీరు విచిత్రమైనది. సి.వి. రామన్ పిళ్లై నవల హక్కులున్న ప్రచురణకర్త కోర్టుకెక్కి ప్రదర్శన ఆపించాడు. ఊరూరా తిరిగి అరిగిపోకుండా ఆ ప్రతి చివరికి ఆర్కైవుకు చేరింది. నిర్మాత కేసు గెలిచి ఉంటే బహుశా సినిమా పోయేది.

ఫిల్ము పోయినా కాగితం మిగలవచ్చు. పత్రికా ప్రకటనలు, సెన్సారు దస్త్రాలు, టి. రంగాచారి అధ్యక్షతన 1927–28లో దేశమంతా తిరిగిన సినిమాటోగ్రాఫ్ కమిటీ సేకరించిన సాక్ష్య సంపుటాలు అలాంటివి. అయితే కాగితం ఎక్కువగా సంస్థలను, యజమానులను నమోదు చేస్తుంది. నటి పేరు ప్రకటనలో ఒక వరుస. ఈ అసమానత తర్వాతి జీవితచిత్రాల కథనంలోకి యథాతథంగా దిగింది.

చరిత్ర

హాలీవుడ్‌లో తొలినాటి ప్రసిద్ధ ఉదాహరణ ‘ది పెరిల్స్ ఆఫ్ పాలిన్’ (1947). సీరియల్ తార పెర్ల్ వైట్ పాత్రను బెట్టీ హట్టన్ పోషించింది. 1957లో కిమ్ నోవాక్‌తో ‘జీన్ ఈగల్స్’ వచ్చింది. ఈ రెండూ స్టూడియోల పద్ధతిలో తీసినవి. తార పేరు, కొన్ని సంఘటనలు తీసుకొని, మిగతాది అప్పటి ప్రేక్షకుల రుచికి తగ్గట్టు అల్లుకున్నారు.

ఈ పద్ధతిని సమూలంగా మార్చింది హాంకాంగ్ దర్శకుడు స్టాన్లీ క్వాన్ తీసిన ‘సెంటర్ స్టేజ్’. షాంఘై మూకీ తార రువాన్ లింగ్యూ 1935 మార్చి 8న, 24 ఏళ్ల వయసులో ఆత్మహత్య చేసుకుంది. ‘ది గాడెస్’ (1934), ‘న్యూ విమెన్’ (1935) వంటి ఆమె చిత్రాలు కొన్ని మిగిలాయి, కొన్ని పోయాయి. క్వాన్ ఈ వాస్తవాన్ని దాచలేదు. మిగిలిన ఫిల్ముల్లోని అసలు రువాన్‌ను చూపి, పక్కనే ఆ పాత్ర వేస్తున్న మ్యాగీ చెంగ్‌ను చూపాడు. నటీనటులు తమ పాత్రల గురించి చర్చించుకునే దృశ్యాలనూ, ఆమెను ఎరిగిన వృద్ధులతో ముఖాముఖీలనూ కథలో కలిపాడు. పోయిన చిత్రాల సన్నివేశాలను తిరిగి నటింపజేసి, ఆ చిత్రం ఇప్పుడు లేదని తెరమీదే రాశాడు. చెంగ్‌కు 1992 బెర్లిన్ ఉత్సవంలో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. అసలు ఫిల్ము చేతిలో ఉన్న దర్శకుడే దాని పక్కన తన పునర్నిర్మాణాన్ని నిలిపి, ఇది నకలు అని ఒప్పుకోగలడు. ఏమీ మిగలని చోట ఆ వెసులుబాటు లేదు.

భారతదేశంలో మూకీ కాలాన్ని కథగా మలిచిన చిత్రాలు చాలావరకు ‘తండ్రి’ కథలు. ‘హరిశ్చంద్రాచీ ఫ్యాక్టరీ’ (మరాఠీ, 2009) భారతీయ సినిమా పితామహుడనే ఫాల్కే కథ. ‘సెల్యులాయిడ్’ (మలయాళం, 2013) మలయాళ సినిమా పితామహుడనే జె.సి. డేనియల్ కథ. నరేశ్ ప్రధాన పాత్రలో 2019లో వచ్చిన ‘రఘుపతి వెంకయ్య నాయుడు’ తెలుగు సినిమా పితామహుడి కథ. మూడు భాషలు వేరైనా వంశవృక్షం గీసే పద్ధతి ఒక్కటే. ఫాల్కే తొలి చిత్రంలో స్త్రీ పాత్రకు స్త్రీ దొరక్క తారామతి వేషం సాలుంకే అనే యువకుడు వేశాడన్నది అందరికీ తెలిసిన ముచ్చట. అదే ఏడాది ‘మోహినీ భస్మాసుర’లో దుర్గాబాయి కామత్, ఆమె కూతురు కమలాబాయి గోఖలే నటించారన్న సంగతి అంతగా వినిపించదు.

రోసీ ఉదంతం

‘సెల్యులాయిడ్’ను వివరంగా చూడాలి. డేనియల్ తీసిన ‘విగతకుమారన్’ తిరువనంతపురం క్యాపిటల్ హాలులో ప్రదర్శితమైంది. తేదీని కొందరు 1928గా, కొందరు 1930గా చెబుతారు. అందులో నాయర్ స్త్రీగా నటించిన పి.కె. రోసీ పులయ కులానికి చెందిన దళిత స్త్రీ, కాక్కారిశ్శి నాటకాల్లో వేషాలు వేసినది. నాయర్ పాత్రలో దళిత స్త్రీని చూసి సహించలేని ప్రేక్షకులు తెరమీద రాళ్లు విసిరారు. ఆమె ఊరు విడిచి పారిపోవలసి వచ్చింది. నాగర్‌కోయిల్ ప్రాంతంలో మరో పేరుతో మిగతా జీవితం గడిపింది. సినిమా ప్రతి మిగలలేదు. సొంత కథ ఆమె ఎక్కడా రాసుకోలేదు. ఆమెదేనని అందరూ ఒప్పుకునే ఫొటో కూడా లేదు.

కమల్ దర్శకత్వంలో వచ్చిన చిత్రంలో, వినూ అబ్రహాం నవల ‘నష్ట నాయిక’ కూడా ఆధారాల్లో ఒకటి అయినప్పటికీ, నాయకుడు డేనియలే. తెరమీద రాళ్లు పడిన రాత్రి తర్వాత రోసీ కథలోంచి తప్పుకుంటుంది. రెండో సగం వృద్ధుడైన డేనియల్‌నూ, అతనికి గుర్తింపు తేవాలని తిరిగే పాత్రికేయుడినీ అనుసరిస్తుంది. చిత్రానికి జాతీయ స్థాయిలో ఉత్తమ మలయాళ చిత్రం అవార్డు దక్కింది. రోసీ పేరు కేరళ బయట కూడా తెలిసింది. అదే సమయంలో దళిత స్త్రీవాద విమర్శకులు, ముఖ్యంగా జెన్నీ రొవీనా, ఆ రోసీ చిత్రణను నిలదీశారు. బెరుకు, అమాయకత్వం, కృతజ్ఞత తప్ప మరో గుణం లేని ఆ స్త్రీ అగ్రకుల ఊహలోంచి పుట్టిందని వారి విమర్శ. వారి మాటలో బలం ఉంది. ఊరూరా వేషం కట్టి వందల కళ్ల ముందు నిలబడిన రంగస్థల కళాకారిణి కెమెరా ముందు అంత బిత్తరపోతుందని ఏ ఆధారమూ చెప్పదు.

రకాలు, కథన పద్ధతులు

దొరికిన సాక్ష్యాన్ని బట్టి ఈ చిత్రాలు మూడు దారులు తొక్కాయి. నటి సొంత మాట మిగిలినచోట కథ ఆమె వైపు నుంచి నడుస్తుంది. శ్యామ్ బెనెగల్ ‘భూమిక’ (1977) దీనికి నమూనా. మరాఠీ నటి హంసా వాడ్కర్ ఆత్మకథ ‘సాంగత్యే ఐకా’ దానికి మూలం. వాడ్కర్ టాకీ కాలపు నటి. ఆమె తొలి చిత్రం 1936 నాటిది. అయినా ఈ వ్యాసానికి ఆ చిత్రం అవసరం, ఎందుకంటే మూకీ నటీమణుల్లో దాదాపు ఎవరికీ దక్కనిది ఆమెకు దక్కింది. స్మితా పాటిల్ పోషించిన ఉష పొరపాట్లు చేస్తుంది, కోరుకుంటుంది, వదిలి వెళుతుంది, మళ్లీ చిక్కుకుంటుంది. బాధితురాలి చట్రంలో ఇమడదు. పాటిల్‌కు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది.

రెండోది, నటి మాట లేకపోయినా ఆమె ఫిల్ములు మిగిలినచోట, ఆ నటనను తిరిగి ప్రదర్శించి చూపే దారి. ‘సెంటర్ స్టేజ్’, ‘మహానటి’ దీనికి చెందుతాయి. రెండూ లేనిచోట మూడోది, అన్వేషకుడి దారి. పాత్రికేయుడో, కొడుకో బయలుదేరి పోయిన స్త్రీ జాడ వెతుకుతాడు. ‘జుబైదా’ (2001)లో కొడుకు తల్లిని వెతుకుతాడు. ‘సెల్యులాయిడ్’లో పాత్రికేయుడు మరచిపోయిన దర్శకుడిని వెతుకుతాడు. ‘మహానటి’ కూడా మధురవాణి అనే పాత్రికేయురాలి చట్రాన్ని వాడుకుంది గానీ, అక్కడ అది అవసరం కొద్దీ కాదు, అలంకారం కొద్దీ.

ధ్వనిచిత్రంలో మూకీ నటనను చూపడం సాంకేతికంగా తేలిక కాదు. మూకీలను సెకనుకు 16 నుంచి 20 ఫ్రేముల చుట్టుపక్కల తీసేవారు. 24 ఫ్రేముల యంత్రంలో ఆడిస్తే మనుషులు పరుగెత్తినట్టు కనిపిస్తారు. ఆ హడావుడే మూకీ నటన అని తర్వాతి తరాలు భ్రమపడ్డాయి. చాలా జీవితచిత్రాలు ఈ భ్రమను నవ్వు కోసం వాడుకుంటాయి.

తెలుగు సందర్భం

రఘుపతి వెంకయ్య మద్రాసులో స్టార్ ఆఫ్ ది ఈస్ట్ ఫిల్మ్ కంపెనీ నెలకొల్పగా, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీసి, తానే భీష్ముడిగా నటించాడు (చూ. తెలుగు సినిమా ఆవిర్భావం). గంగ పాత్ర పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ యువతిది. చిత్రం ప్రతి లేదు. కథలో గంగ బిడ్డను తండ్రికి అప్పగించి వెళ్లిపోతుంది, చరిత్రలోనూ అంతే జరిగింది. ఆ కాలంలో ‘మర్యాదస్తుల’ ఇళ్ల స్త్రీలు సినిమాకు రానందువల్ల, మాట అవసరం లేనందువల్ల ఆంగ్లో ఇండియన్, యూదు యువతులకు చోటు దొరికింది. బొంబాయిలో టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసి సులోచన పేరుతో పెద్ద తార అయిన రూబీ మయర్స్ ఇందుకు సాక్ష్యం. టాకీ రాగానే భాష అడ్డం వచ్చింది. తెలుగులో ఆ స్థానాన్ని కుటుంబ స్త్రీలే వేషాలు కట్టే సురభి నాటక సమాజం నుంచి వచ్చిన కమలాబాయి అందుకుంది. అలా మూకీ నటికీ టాకీ నటికీ మధ్య సమాజమే మారిపోయింది. ఒకరి జ్ఞాపకాన్ని ఇంకొకరు మోసుకువచ్చే వీలు లేకపోయింది.

దీనికి పూర్తి భిన్నమైన స్థితి సావిత్రిది. నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 2018 మే 9న విడుదలైన ‘మహానటి’ కీర్తి సురేశ్‌కు జాతీయ ఉత్తమ నటి అవార్డు, చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ దుస్తుల అలంకరణ అవార్డులు తెచ్చింది. ‘మాయాబజార్’ సన్నివేశాన్ని కీర్తి సురేశ్ తిరిగి నటించినప్పుడు ప్రతి ప్రేక్షకుడూ తన మనసులోని అసలుతో పోల్చి చూశాడు. కనుబొమ విరుపు దగ్గర తేడా వస్తే పట్టేసేవాడు. ఆ పరీక్షే చిత్రానికి బలం. జెమినీ గణేశన్ కుటుంబం నుంచి వచ్చిన అభ్యంతరం కూడా సాక్ష్యం సమృద్ధిగా ఉన్నచోటే పుడుతుంది. వాదించడానికి రెండో జ్ఞాపకం ఉండాలి కదా. పెగ్గీ కాస్టెల్లో విషయంలో అభ్యంతరం చెప్పే మనిషీ లేడు, పోల్చి చూసే కన్నూ లేదు.

హైదరాబాద్: ఉస్మానియా ప్రాంగణం, తార్నాక

హైదరాబాద్‌లో మూకీ నిర్మాణం కొద్దికాలమే సాగింది. బెంగాల్ నుంచి వచ్చిన ధీరేంద్రనాథ్ గంగూలీ నిజాం ప్రాపకంలో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి 1922–24 మధ్య చిత్రాలు తీశాడు. ‘రజియా బేగం’ అనే బొంబాయి చిత్రాన్ని ప్రదర్శించడంతో నిజాం ఆగ్రహానికి గురై సంస్థానం విడిచి వెళ్లవలసి వచ్చింది. తెరమీద ఒక ముస్లిం రాణి ప్రేమకథ సంస్థాన సినీ పరిశ్రమనే ఆపేసింది. అప్పటికి ఉస్మానియా విశ్వవిద్యాలయం గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని అద్దె భవనాల్లో ఉండేది. నేటి ప్రాంగణానికి శంకుస్థాపన 1934లో, ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభం 1939లో జరిగాయి. అంటే ఈ ప్రాంగణం లేచేనాటికి మూకీలు వెళ్లిపోయాయి. నగరంతో మూకీ తారకున్న మరో బంధం పెళ్లి ద్వారా వచ్చింది. ఫాతిమా బేగం కూతురు, ‘ఆలం ఆరా’ నాయిక అయిన జుబైదా హైదరాబాద్‌లోని జ్ఞాన్‌బాగ్ ప్యాలెస్‌కు చెందిన మహారాజ్ నర్సింగ్‌గిర్ ధన్‌రాజ్‌గిర్‌ను పెళ్లాడింది. పేరు చూసి 2001 నాటి ‘జుబైదా’ ఈమె కథేనని పొరబడేవారున్నారు. అది జోధ్‌పూర్ మహారాజును పెళ్లాడి, 1952 విమాన ప్రమాదంలో ఆయనతో పాటు మరణించిన మరో నటి జీవితం. ఆ చిత్రాన్ని రాసింది ఆమె కొడుకే. మొదటి జుబైదా తల్లి 1926లోనే ‘బుల్‌బులే పరిస్తాన్’కు దర్శకత్వం వహించింది. కూతురు దేశపు తొలి టాకీ నాయిక. రాజభవనం, ప్రేమ, కీర్తి అన్నీ ఉన్న ఈ కథకు దక్కని చిత్రం ఆ రెండో కథకు దక్కింది. మొదటామె తార స్థాయికి మూలమైన ఫిల్ములు పోయాయి, ‘ఆలం ఆరా’తో సహా.

‘భూమిక’, ‘జుబైదా’ రెండింటికీ దర్శకుడైన బెనెగల్ సికిందరాబాద్ తిరుమలగిరిలో పుట్టి, ఉస్మానియాలో ఆర్థికశాస్త్రం చదివి, హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీని స్థాపించినవాడు. హంసా వాడ్కర్ ఆత్మకథలోని భాగం ఆంగ్ల పాఠకులకు చేరడంలో కూడా ఈ ప్రాంతం పాత్ర ఉంది. ఉస్మానియా ప్రాంగణాన్ని ఆనుకొని తార్నాక వైపున్న ఆంగ్ల, విదేశీ భాషల సంస్థ సీఫెల్, అంటే 2007 నుంచి ఇఫ్లూగా మారిన సంస్థలో ఆచార్యులుగా పనిచేసిన సూసీ తారు, అన్వేషి స్త్రీల అధ్యయన సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన కె. లలిత కలిసి 1991, 1993లలో వెలువరించిన ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ సంపుటాల్లో ఆ రచనకు చోటిచ్చారు. సినీ నటి చెప్పుకున్న జీవితాన్ని గాలికబురుగా కాక సాహిత్యంగా, సాక్ష్యంగా చదవాలన్నది ఆ ఎంపికలోని ప్రతిపాదన. సీఫెల్‌లోనే బోధించిన ఎం. మాధవప్రసాద్ 1998 నాటి హిందీ సినిమా గ్రంథం చిత్రాన్ని పరిశ్రమతో, రాజ్యంతో కలిపి చదవడాన్ని స్థిరపరిచింది. తార్నాక మెట్రో స్టేషన్‌లో దిగి నడిచేంత దూరంలో జరిగిన ఈ పని వల్ల జీవితచిత్రాన్ని ‘ఎంత నిజం’ అని మాత్రమే కాక ‘ఎవరి సాక్ష్యంతో’ అని అడగడం సాధ్యమైంది.

అభ్యంతరాలు

ఈ వాదానికి మొదటి అభ్యంతరం వ్యాపారానికి సంబంధించినది. సావిత్రి మీద చిత్రం వచ్చింది జనాదరణ వల్ల, పెగ్గీ కాస్టెల్లో మీద రానిది ఆమె ఎవరికీ తెలియనందువల్ల, ఇందులో ఫిల్ము ప్రతుల ప్రసక్తి ఎందుకని అడగవచ్చు. అయితే 1981లో మరణించిన నటి 2018 నాటి యువతకు తెలిసింది ఎలా? టీవీలో, క్యాసెట్లలో, యూట్యూబ్‌లో ఆమె చిత్రాలు తిరుగుతూనే ఉన్నందువల్ల. జనాదరణ ప్రతులకు పోటీ కారణం కాదు, వాటి ఫలితం.

రెండోది, ఆధారం లేకపోవడం కళాకారుడికి స్వేచ్ఛే కదా అన్నది. సిద్ధాంతంగా నిజమే. రోసీ ఉదంతం చూస్తే మాత్రం, ఖాళీని పూరించేది స్వేచ్ఛగా తిరిగే ఊహ కాదు, అప్పటికే చెలామణిలో ఉన్న మూస అని తేలుతుంది. వాడ్కర్ ఆత్మకథ చేతిలో ఉన్న బెనెగల్ బృందం కన్నా, నటి సొంత మాట చేతిలో లేని ‘సెల్యులాయిడ్’ బృందమే మరింత ఊహించదగిన స్త్రీని సృష్టించింది.

మూడోది గట్టిది. పెర్ల్ వైట్ 1919లో ‘జస్ట్ మీ’ పేరుతో ఆత్మకథ ప్రచురించింది. ఆమె నటించిన 1914 సీరియల్ 20 భాగాలకు బదులు 9 భాగాల ఐరోపా ప్రతిగానైనా మిగిలింది. అంటే మాటా ఉంది, ఫిల్మూ ఉంది. అయినా 1947 చిత్రం ఆమె జీవితంతో పెద్దగా నిమిత్తం లేని సంగీత హాస్యచిత్రంగా తేలింది. ఇక్కడ ఒప్పుకోక తప్పదు. సాక్ష్యం ఉంటే మంచి జీవితచిత్రం వస్తుందని హామీ లేదు, స్టూడియోకు అది అక్కరలేకపోవచ్చు. ఈ వాదం చెప్పేది అంతకంటే తక్కువ. సాక్ష్యం ఉన్నప్పుడు దాన్ని పక్కనపెట్టారని చూపగలం. లేనప్పుడు ఆ మాట కూడా అనలేం.

నాల్గవది, మూకీ నటీమణుల సంగతి డాక్యుమెంటరీకి వదిలేయవచ్చు కదా అన్నది. రీనా మోహన్ ‘కమలాబాయి’ (1992) ఇందుకు మంచి ఉదాహరణ. 1913 నాటి నటి కమలాబాయి గోఖలే వృద్ధాప్యంలో కెమెరా ముందు కూర్చొని, పాత నాటకాల సంభాషణలు అప్పజెబుతూ, తన కథ తానే చెప్పింది. కానీ ఆ చిత్రం సాధ్యమైంది ఆమె బతికి ఉన్నందువల్ల. సులోచన 1983లో, జుబైదా 1988లో పోయారు.

మిగిలిన వనరులు

ఫిల్ము దొరకకపోయినా కాగితం చరిత్రను మార్చగలదు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలు సహా అందరూ రాశారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆనాటి పత్రికలు, సెన్సారు వివరాలు గాలించి, అసలు విడుదల 1932 ఫిబ్రవరి 6న అని నిరూపించాడు. పరిశ్రమ ఉత్సవాల తేదీనే మార్చుకుంది. అదే గాలింపును పెగ్గీ కాస్టెల్లో కోసం పదేళ్లు వెనక్కి జరిపితే, మద్రాసు పత్రికల్లో 1921–22 నాటి సినిమా హాళ్ల ప్రకటనలు, నగరంలోని ఆంగ్లో ఇండియన్ చర్చిల పెళ్లి, మరణ రిజిస్టర్లు వెతకదగిన చోట్లు (చూ. భీష్మ ప్రతిజ్ఞ, సినిమాటోగ్రాఫ్ కమిటీ, 1927–28).